నాయనకి నల్లమల ఎందుకమ్మా, ముందు మంచం జరపండి

ప్రశ్న: మాది అనంతపురం. మా నాయనకు 68 ఏళ్లు. కళ్యాణదుర్గం పక్క పల్లెలో చెనిక్కాయ సేద్యం చేసేవారు. పోయిన ఏడాది అమ్మ చనిపోయాక మా దగ్గరికి తెచ్చుకున్నాం. మాది మూడో అంతస్తులో ఫ్లాట్. ఆయనకు బీపీ ఉంది, మాత్ర వేసుకుంటారు. ఇక్కడికొచ్చినప్పటి నుంచి నిద్ర సరిగా లేదు. టీవీ ముందు కూర్చుంటారు గానీ చూడరు. ‘ఊర్లో చింతమాను కింద పడుకుంటే నాకే రోగమూ ఉండదు’ అంటారు. చెట్ల కింద ఆక్సిజన్ ఎక్కువని, జపాన్‌లో అడవితో వైద్యం చేస్తారని, నాలుగు రోజులు నల్లమలకి తీసుకుపోదామని మా ఆయన అంటున్నారు. ఇంకోపక్క మా అపార్ట్‌మెంట్ వాళ్లు ముందున్న వేపచెట్టు కొట్టించి పార్కింగ్ చేద్దామంటున్నారు. నాయన రోజూ సాయంత్రం దానికిందే కూర్చుంటారు. ఈమధ్య అక్కడ తనలో తనే మాట్లాడుకుంటున్నారని వాచ్‌మన్ చెప్పాడు. చెట్లవల్ల నిజంగా ఆరోగ్యం బాగుపడుతుందా, లేక ఇదంతా మనం మనసుకు సర్దిచెప్పుకోవడమేనా?
— ఒక కూతురు, అనంతపురం

జవాబు:

అమ్మా,

ముందు ఒక సంగతి చూడండి. మీ నాయన పడుకునే గది కిటికీలోంచి ఏం కనబడుతుంది? వేపచెట్టు ఇంటి ముందే ఉందన్నారు. మూడో అంతస్తంటే ఇంచుమించు దాని కొమ్మల ఎత్తు. ఆ కిటికీ మీ హాల్లోనో పిల్లల గదిలోనో ఉండి, నాయనకి మాత్రం పక్క బిల్డింగ్ గోడ కనబడే వెనక గది ఇచ్చి ఉంటారని నా అనుమానం. మన ఇళ్లలో పెద్దవాళ్ల వాటాకి వచ్చేది సాధారణంగా ఆ గదే. నా అనుమానం నిజమైతే ఈ ఆదివారమే మంచం మార్చేయండి.

ఎందుకంటే చెప్తాను. రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 1984లో ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల రికార్డులు తిరగేశారు. 46 మందిని తీసుకున్నారు. వాళ్లలో 23 మంది గది కిటికీలోంచి చెట్లు కనబడేవి, తక్కిన 23 మందికి ఇటుక గోడ. వయసు, ఆడా మగా, పొగతాగే అలవాటు వగైరా చూసి ఒకరికొకరిని జత కట్టారు. చెట్లు కనబడినవాళ్లు సగటున 7.96 రోజులకు ఇంటికి పోయారు, గోడ కనబడినవాళ్లు 8.70 రోజులకు. బలమైన నొప్పి మందులు కూడా మొదటివాళ్లకి తక్కువ పట్టాయి. ‘ఏడుస్తున్నారు’, ‘బాగా ధైర్యం చెప్పాల్సి వస్తోంది’ లాంటి మాటలు నర్సులు వాళ్ల కాగితాల్లో తక్కువ రాశారు. వాళ్లెవరూ చెట్టు కిందికి పోలేదు, దాని గాలి పీల్చలేదు. మంచంమీద పడుకుని చూశారు, అంతే.

46 మంది అంటే చిన్న లెక్కే, నాకు తెలుసు. కానీ మంచం జరపడానికి మీకు అయ్యే ఖర్చు కూడా చిన్నదే కదా.

ఇక మీ ఆయన చెప్పిన ఆక్సిజన్ మాట. ఆయన్ని నొప్పించకుండా చెప్పండి, అది తప్పు. బయట గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. అనంతపురం నడిమధ్య సప్తగిరి సర్కిల్‌లో నిలబడినా, మాను కింద కూర్చున్నా ఊపిరితిత్తులకు తెలిసేంత తేడా ఉండదు. గాలి ఒకచోట ఆగి ఉండదు కాబట్టి ఆకు వదిలింది వదిలినట్టు కలిసిపోతుంది. రావిచెట్టు రాత్రిపూట కూడా ప్రాణవాయువు ఇస్తుందని వాట్సాప్‌లో ఏడాదికి నాలుగుసార్లయినా వస్తుంది. వెలుతురు లేకుండా ఏ ఆకూ ఆక్సిజన్ వదలదు. రాత్రయితే చెట్టు కూడా మనలాగే ఆక్సిజన్ తీసుకుంటుంది. అలాగని భయపడాల్సిన పనీ లేదు, ఆరుబయట అది లెక్కలోకి రాదు. రాత్రి చింతమాను కింద పడుకుంటే దయ్యం పడుతుందని మా జేజి చెప్పేది. మీ నాయన పగలే పడుకునేవారు కాబట్టి ఆ గొడవ కూడా లేదు.

మరి చెట్టు ఇచ్చేదేమిటి? మన జిల్లాలో పుట్టినవాళ్లకి వేరే చెప్పాలా, నీడ. అనంతపురానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన. మబ్బు పట్టే రోజులు తక్కువ, ఎండ కాసే రోజులు ఎక్కువ. ఇక్కడ ఒంటికి చెట్టు చేసే మొదటి మేలు వేడి నుంచి కాపాడటమే. దీంట్లో ఒక మెలిక ఉంది. థర్మామీటర్ పట్టుకుని చూస్తే చెట్టు కింద గాలి, బయట గాలి మధ్య రెండు మూడు డిగ్రీలకు మించి తేడా కనబడకపోవచ్చు. కానీ ఒంటిని కాల్చేది గాలి ఒక్కటే కాదు. నెత్తిన పడే ఎండ, కింద సిమెంటు నేల, పక్కన గోడ అన్నీ కలిసి సెగ కొడతాయి. ఎండలో కాగిన నేలకంటే చెట్టు నీడలో ఉన్న నేల 11 నుంచి 25 డిగ్రీల దాకా చల్లగా ఉండొచ్చని అమెరికా పర్యావరణ శాఖ లెక్క. పైగా వేరు తాగిన నీళ్లు ఆకుల్లోంచి ఆవిరైపోతూ చుట్టూ ఉన్న వేడిని కొంత తీసుకుపోతాయి. మట్టి కుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇలాగే. రేకుల షెడ్డు కింద నీడ ఉన్నా ఉడికిపోతాం, వేపచెట్టు కింద ఉడకం. రేకు తనే కాగి మళ్లీ మనమీదికి సెగ కొడుతుంది.

బీపీ ఉన్న పెద్దాయనకి ఇది ఇంకా ముఖ్యం. వయసు పైబడ్డాక దాహం సరిగా తెలియదు. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీళ్లు బయటికి పంపేవి, జనం ‘నీళ్ల మాత్ర’ అంటారు. ఎండలో వాటితో కళ్లు తిరిగి పడిపోయినవాళ్లను నేను ప్రతి వేసవిలో చూశాను. మీ నాయన వేసుకునేది అలాంటిదేనేమో డాక్టర్‌ని అడగండి. అదే అయి, రాత్రిపూట వేసుకుంటుంటే నిద్ర చెడటానికి అదొక్కటే చాలు, మూడుసార్లు బాత్రూంకి లేస్తారు. వేళ మార్చడం డాక్టర్ చేయాలి, మీరు సొంతంగా చేయకండి. చెట్టు కింద కూర్చుంటున్నారు కదా అని మాత్ర మానేయించడం అసలే వద్దు.

నిద్ర గురించి ఇంకొకటి. మీ నాయన సాయంత్రం కూర్చుంటున్నారు, మంచిదే. దానికి పొద్దున కూడా కలపండి. పల్లెలో కోడి కూయకముందే లేచి పొలానికి పోయిన మనిషి ఆయన. ఒంట్లో గడియారం పొద్దుటి వెలుగుతో సరిచేసుకుంటుంది. ఫ్లాటులో ట్యూబ్‌లైటు వెలుతురు కొన్ని వందల లక్స్ దాటదు. పొద్దెక్కాక ఆరుబయట చెట్టు నీడలో కూడా అది వేలల్లో ఉంటుంది. పగలంతా మసక వెలుతురులో టీవీ ముందు కునుకు తీస్తే రాత్రి నిద్ర ఎక్కడినుంచి వస్తుంది? మామూలు రోజుల్లో ఆరున్నర నుంచి ఎనిమిది దాకా, వేసవిలో ఇంకాస్త ముందు. ఏప్రిల్, మే నెలల్లో పదింటి నుంచి నాలుగు దాకా నీడలో కూడా వద్దు, ఇంట్లోనే ఉండనివ్వండి.

మనసు సంగతికి వస్తాను. మనసుకు సర్దిచెప్పుకోవడమేనా అని అడిగారు. సర్దుకోవడం తక్కువ పనా అమ్మా? అయినా మీ ప్రశ్న నాకు అర్థమైంది, లెక్కలు కావాలి మీకు. 2008లో మిషిగన్ విశ్వవిద్యాలయంవాళ్లు కొందరిని యాభై నిమిషాలు చెట్ల తోటలో నడిపించారు, ఇంకోసారి అదే మనుషుల్ని ఊరి మధ్య ట్రాఫిక్ రోడ్లమీద నడిపించారు. అంకెలు విని వెనకనుంచి ముందుకి చెప్పమంటే తోటలో నడిచి వచ్చినప్పుడే బాగా చెప్పారు. నాకు నచ్చింది వేరే. కొందరు గడ్డకట్టే చలిలో నడిచారు, ఆ నడక వాళ్లకి ఏమంత నచ్చలేదు. అయినా మేలు జరిగింది! ఇష్టపడితేనే పనిచేస్తుందని అనుకునేవాళ్లకి అదే జవాబు.

2015లో స్టాన్‌ఫర్డ్‌వాళ్లు చేసింది మీ నాయన పరిస్థితికి ఇంకా దగ్గర. గంటన్నర చెట్ల మధ్య నడిచి వచ్చినవాళ్లలో, జరిగిపోయినదాన్నే మళ్లీ మళ్లీ తవ్వుకోవడం తగ్గింది. అలా తవ్వుకునేటప్పుడు పనిచేసే మెదడు భాగం కూడా నెమ్మదించినట్టు స్కాన్‌లో కనబడింది. రద్దీ రోడ్డు పక్కన నడిచినవాళ్లలో ఆ మార్పు లేదు. టీవీ, ఫోను మన చూపుని గుంజి పట్టుకుంటాయి. ఆకు కదలడం, ఉడుత పరుగు, కాకి గోల ఇవేవీ గుంజవు. చూపు దానంతటది పోయి వాలుతుంది, ఎప్పుడంటే అప్పుడు లేచి వస్తుంది. నలభై ఏళ్లు వాన కోసం మొగులు వైపు చూసిన రైతుకి ఆ చూపు కొత్తగా నేర్పాల్సిన పనిలేదు.

జపాన్ మాట నిజమే. 1982లో అక్కడి అటవీ శాఖ ‘షిన్‌రిన్ యోకు’ అని పేరుపెట్టి జనాన్ని అడవులకు పిలిచింది. మాటకి మాట చెప్పాలంటే అడవి స్నానం. నీళ్లేమీ ఉండవు, ఫోను పక్కనపెట్టి మెల్లగా తిరగడమే. చింగ్ లీ అనే డాక్టరు రెండు రాత్రులు అడవిలో గడిపి వచ్చినవాళ్ల రక్తం పరీక్ష చేసి, రోగాలతో పోరాడే ఒక రకం తెల్లకణాలు చురుకెక్కాయని చూపించారు. చెట్లు పురుగుల్ని, బూజుని తట్టుకోవడానికి వదిలే సువాసన నూనెలు కూడా అందుకు కారణమని ఆయన వాదన. పరీక్షలో పాల్గొన్నది చాలా కొద్దిమంది. అడవి కూడా వేరు, అక్కడివి హినోకి, సుగి లాంటి జపాన్ చెట్లు. దాన్ని పట్టుకుని మన దగ్గర క్యాన్సర్‌కి అడవి వైద్యం అని డబ్బులు గుంజేవాళ్లు బయల్దేరతారేమోనని నా భయం.

దీనికంటే మీకు పనికొచ్చే అంకె 120 నిమిషాలు. ఇంగ్లాండ్‌లో సుమారు 20,000 మందిని అడిగి 2019లో ప్రకటించిన లెక్క అది. వారానికి రెండు గంటలు పార్కుల్లో, చెట్ల మధ్య గడిపేవాళ్లు ‘మా ఆరోగ్యం బాగుంది, హాయిగా ఉన్నాం’ అని చెప్పడం ఎక్కువ. ఆ రెండు గంటలూ ఒకేసారి గడిపినా, రోజుకి ఇరవై నిమిషాల చొప్పున గడిపినా ఒకటే. ఆరోగ్యం ఉన్నవాళ్లే బయటికి పోగలరు కదా అని మీకు సందేహం రావచ్చు, అది న్యాయమైన సందేహమే. కానీ దీర్ఘకాలపు జబ్బులున్నవాళ్లలో, పెద్దవయసు వాళ్లలో కూడా అదే కనబడింది. రోజుకి ఇరవై నిమిషాలంటే మీ వాకిట్లోనే దొరుకుతుంది.

అందుకే నల్లమల వద్దంటున్నాను. నాలుగు రోజులు అడవిలో ఉంచి తెచ్చి మళ్లీ అదే గోడ ముందు పడుకోబెడితే ఏం లాభం? పైగా అది పులుల అభయారణ్యం, మంచం వేసుకుని పడుకునే చోటు కాదు. అడవిలో ఉంటే చాలు ఆరోగ్యం అదే వస్తుందనుకోవడం కూడా పట్నంవాళ్ల భ్రమ. తరతరాలుగా అక్కడే బతికే చెంచుల్ని అడగండి, మలేరియా అంటే ఏమిటో, జ్వరం వస్తే ఆసుపత్రి ఎంత దూరమో చెప్తారు. అహోబిలానికో శ్రీశైలానికో దర్శనానికి పోయి, దారిలో కాసేపు ఆగి చూసి రండి, ఎవరు వద్దన్నారు. వైద్యం అని పేరు పెట్టకండి.

మీ ఆయనకి ఎక్కడికో తీసుకుపోవాలనే ఉంటే కదిరి వైపు పొండి. గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది, కదిరి నుంచి పాతిక కిలోమీటర్లు. ఒక్క చెట్టు దాదాపు ఐదెకరాలు పరుచుకుంది, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఊడలు దిగి కాండాలై, ఏది తల్లి మానో తెలియకుండా పోయింది. భర్త చితిలో సహగమనం చేసిన తిమ్మమ్మ పేరుమీద మొలిచిందని అక్కడి కథ. భార్య పోయిన మనిషి దగ్గర ఆ కథ ఎత్తాలా వద్దా అన్నది మీరే చూసుకోండి. ఆయనకి తెలియని కథ కాదులెండి. నా మాటంటే, ఆ ఊడల మధ్య ఆయన్ని ఒక గంట తిరగనివ్వండి, ఫోటోల కోసం నిలబెట్టి చంపకండి.

అసలైంది ఊరి చింతమాను. ఆయన అడిగింది అదొక్కటే కదా, మీరిద్దరూ అది తప్ప అన్నీ ఆలోచిస్తున్నారు. ఊర్లో మాను కింద ఉత్త నీడే ఉంటుందా? కట్టమీద నలుగురు కూర్చుంటారు. ఎవరి బోరు ఎండింది, ఎవరి బిడ్డకి సంబంధం కుదిరింది, మార్కెట్లో కాయ ధరెంత, ఇవన్నీ అక్కడే తేలుతాయి. ఆయన అక్కడ ఒకరి నాయన కాదు, ఒకరి అత్తగారింటి మామా కాదు, పేరున్న రైతు. భార్య పోయిన మగవాళ్లు తొందరగా కుంగిపోవడం నేను చాలా చూశాను. వాళ్ల ముచ్చట్లన్నీ ఆమె ద్వారానే నడిచి ఉంటాయి, ఆమె పోగానే అన్ని దారులూ మూసుకుపోతాయి. పదిహేను రోజులకోసారి కళ్యాణదుర్గం బస్సెక్కించండి. చుట్టాలింట్లో రెండు రాత్రులు ఉండి వస్తారు. మాత్రలు లెక్కపెట్టి డబ్బాలో పోసి ఇవ్వండి, నీళ్ల సీసా ఇవ్వండి. ‘ఎవరు చూసుకుంటారు’ అని మీకు టెన్షన్ ఉంటుంది. ఊర్లో ఆయన్ని చూసుకునేవాళ్లు మీ అపార్ట్‌మెంట్‌లో కంటే ఎక్కువే ఉంటారు.

ఇక వేపచెట్టు. ఇది అర్జెంటు.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రి ఆవరణలో రెండు పెద్ద కానుగ చెట్లు ఉండేవి. రోగుల తాలూకు జనం వాటికిందే సద్దిమూటలు విప్పి, పిల్లల్ని పడుకోబెట్టేవాళ్లు. పార్కింగ్ కోసం కొట్టేశారు. నేనూ ఆ మీటింగ్‌లో ఉన్నాను, నోరు మెదపలేదు. ఆ వేసవిలో వచ్చిన జనమంతా వరండాల్లో, మెట్లమీద, వార్డుల్లో మంచాల కింద. స్కూటర్లు మాత్రం వరసగా ఎండలో ఉన్నాయి, సీటుమీద కూర్చుంటే కాలేది. అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీటింగ్‌లో చెప్పడానికి మూడు మాటలు ఇస్తాను. ఒకటి, నీళ్లు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. ఇది చెప్తే సగంమంది వెనక్కి తగ్గుతారు. రెండోది, మే నెలలో మీ వాళ్లందరూ కారు ఎక్కడ పెట్టుకుంటారో అడగండి. ఆ చెట్టు కిందే! మూడోది కాస్త పెద్ద మాట, వినే ఓపిక ఉన్నవాళ్లకి చెప్పండి. 2002లో అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఆసియా నుంచి వచ్చిన ఒక పచ్చని పెంకుపురుగు బయటపడింది. యాష్ అనే జాతి చెట్లను కోట్లలో చంపేసింది. డబ్బున్న వీధి, లేని వీధి అని చూడలేదు. 15 రాష్ట్రాల్లో 1990 నుంచి 2007 దాకా మరణాల లెక్క తీస్తే, పురుగు పాకిన జిల్లాల్లో గుండె జబ్బులతో 15,080 మంది, ఊపిరితిత్తుల జబ్బులతో 6,113 మంది మామూలుకంటే ఎక్కువగా చనిపోయినట్టు తేలింది. చెట్లు పోవడమే వాళ్లని చంపిందని ఆ పరిశోధకులు ఒట్టేసి చెప్పలేదు. కానీ జనం వెనక పేదరికం, చదువు, ఆదాయం అన్నీ లెక్క కట్టినా ఆ తేడా పోలేదు.

చెట్టు కొట్టాలనేవాళ్ల గోడు కూడా వినాలి. శిశిరంలో ఆకు రాలి వాకిలంతా చెత్త, కారుమీద కాకి రెట్ట, కరెంటు తీగలకు కొమ్మలు. వీటికి కొమ్మలు కత్తిరిస్తే సరిపోతుంది. రాలిన ఆకు పోగేసి మొక్కలకు ఎరువు చేసే పని మీ నాయనకు అప్పజెప్పండి. ఊడ్చే పని కాదు, ఊడ్పించే పెద్దరికం. పాదు తవ్వడం, నీళ్లు పెట్టడం ఆయనకి చెప్పేవాళ్లు అక్కర్లేదు. ఇంకో చెట్టు నాటుదామని ఎవరైనా ముందుకొస్తే కానుగో నేరేడో పెట్టమనండి. తొందరగా పెరుగుతుందని కోనోకార్పస్ తెస్తారు, వద్దనండి. దాని పుప్పొడితో అలర్జీలొస్తాయన్న ఫిర్యాదులమీద గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే మాన్పించింది. కాంపౌండ్ గోడ పక్కన వయ్యారిభామ మొలిచి ఉంటే పూత రాకముందే పీకించండి, చేతులకి తొడుగులు వేసుకుని. ఆయాసం, దురద ఉన్నవాళ్లకి అది శత్రువు. పచ్చగా ఉన్నదంతా మేలు చేసేదే అనుకోకూడదు.

చివరగా మీరు భయపడుతూ రాసిన మాట, తనలో తను మాట్లాడుకోవడం. ఏం మాట్లాడుతున్నారో వాచ్‌మన్‌ని కాదు, ఆయన్నే అడగండి, పక్కన కుర్చీ వేసుకుని. ‘మీ అమ్మకి చెప్తాండా’ అంటే కంగారు పడకండి. నలభై ఏళ్లు సాయంత్రం పూట ఒకరితో మాట్లాడిన మనిషి, ఆమె లేదని వెంటనే ఆపలేరు. చెట్టు కింద కాకపోతే బాత్రూంలో మాట్లాడతారు. అలా కాకుండా ఎవరో తనని తిడుతున్నారని, పిలుస్తున్నారని అంటే, అన్నం మానేస్తే, బరువు తగ్గిపోతుంటే, ‘నేనుండి ఏం లాభం’ అనే మాట వస్తే ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు. కుంగుబాటుకి మందులున్నాయి, అవి పనిచేస్తాయి. అంతదాకా వస్తే చెట్టుతో సరిపెట్టకండి.

మీటింగ్ ఎప్పుడో రాయలేదు మీరు. మంచం మార్చాక ఒక వారం చూసి, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో, పొద్దున ఎన్నింటికి కిందికి దిగుతున్నారో రాసి పంపండి. కిటికీకి కర్టెన్ ఉంటే తీసేయండి.